సంతకం కాని మూడు వాక్యాలు

మొన్న టపాలో ఎన్నికల కార్డు వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే, సెరంగూన్‌లో ఇన్నేళ్లుగా మేముంటున్న బ్లాకు ఈసారి పక్క నియోజకవర్గంలో కలిసిపోయింది. మేమెక్కడివాళ్లం అక్కడే ఉన్నాం, నియోజకవర్గాల సరిహద్దు గీత మాత్రం మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. ఆ కార్డు పట్టుకుని కూర్చుంటే, నేను జనం కోసం అర్జీలు రాసిపెట్టిన ఆ పాత పార్లమెంటు కాలమంతా కళ్లముందుకొచ్చింది.

అప్పట్లో మావారికి బ్యాంకులో ఊపిరాడని పని, అమ్మాయి బడికెళ్లేది, కొత్తగా ఈ దేశపు పౌరసత్వం వచ్చిన హుషారు నాది. బుధవారం సాయంత్రాల్లో మా బ్లాకు కింద, గోడల్లేని ఆ ఖాళీ అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పార్లమెంటు సభ్యుడు జనం గోడు వినేవాడు. ఎవరి కష్టం వాళ్లు చెబుతుంటే నాలాంటివాళ్లు ఆఫీసులకు ఉత్తరాలు రాసిపెట్టేవాళ్లం, ఆయన సంతకం చేసేవాడు. ఎవరో ఒకరు కర్రీపఫ్‌లు తెచ్చేవారు, వాటి కోసమే వచ్చేవాళ్లూ లేకపోలేదు.

మా నాన్నగారు తాలూకా కచేరీలో గుమాస్తా. అర్జీ అంటే ముందు దొరగారికి దణ్ణాలు, ఆపైన మన దీనస్థితి, చిట్టచివర వినయంగా కోరిక, ఇదీ ఆయన నాకు నేర్పిన వరస. నేను ఇంగ్లీషులో కూడా అలాగే రాసేదాన్ని. నాకంటే చిన్నవాడైన ఆ సభ్యుడు చదివి నవ్వేవాడు. "ఆంటీ, ఇన్ని దణ్ణాలెందుకు లా? విషయం రాయండి చాలు" అనేవాడు, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించి. నేను మూతి ముడుచుకునేదాన్ని.

మా కింది అంతస్తులో ఒక చీనా పెద్దావిడ ఉండేది. మా అమ్మాయి ఆవిడను పోపో, అంటే అమ్మమ్మ, అని పిలిచేది. రోజూ పొద్దున ఆవిడ కింద రాతిబల్ల దగ్గర కూర్చుని, ఎదుటి సీటు మీద టిష్యూ పొట్లం పెట్టి నాకోసం చోప్ చేసి, అంటే చోటు ఆపి, ఉంచేది. ఆవిడకు చూపు దాదాపు పోయింది. అయినా మార్కెట్టుకూ, కాఫీ కొట్టుకూ అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒంటరిగా వెళ్లొచ్చేది. భర్త పోయాక ఇల్లు మార్చాల్సి వచ్చి, ఇక్కడే ఒక చిన్న సర్కారు ఫ్లాటు ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ రాసింది నేనే. నాన్నగారి వరసలోనే రాశాను. ఆవిడకు చూపు లేదనీ, ఈ దారులు తప్ప వేరే దారులు తెలియవనీ రెండో పేజీ అడుగున రాశాను.

రెండో పేజీ ఎవరు చదివారో, అసలు చదివారో లేదో నాకు తెలియదు. ఇక్కడ ఖాళీ లేదు, ఊరికి ఆ చివరనున్న తంజోంగ్ పగార్‌లో ఇస్తాం, ఫలానా రోజులోపు తాళాలు తీసుకోవాలి అని జవాబొచ్చింది. సభ్యుడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా చేతే మళ్లీ రాయించాడు, ఈసారి మూడే వాక్యాలు, మొదటి వాక్యంలోనే ఆవిడ కళ్ల సంగతి. బుధవారం సంతకం చేస్తానన్నాడు.

ఆ ముందురోజే, మంగళవారం, ఎన్నికల కోసం పార్లమెంటు రద్దయింది. ఇక ఆయన సభ్యుడు కాడు, మళ్లీ పోటీ చేయడం లేదు కూడా. తన పేరుతో మామూలు కాగితం మీద రాసి పంపాడు గాని, దానికి జవాబొచ్చేలోపే ఆ తాళాల గడువు తీరిపోయేలా ఉండింది. పోపో తాళాలు తీసుకుంది.

నేను రెండుసార్లు వెళ్లి చూశాను. కొత్త ఇల్లు శుభ్రంగానే ఉంది, లిఫ్టు గుమ్మం పక్కనే. కిందికి దిగుతున్నావా అని అడిగితే, తనకొచ్చిన బజారు ఇంగ్లీషులో "ఇక్కడ నా కాళ్లకి దారి తెలీదు లా" అని నా చెయ్యి పట్టుకుంది. మూడోసారి వెళ్లేసరికి వేరెవరో తలుపు తీశారు, ఆవిడ పోయిందన్నారు.

ఇప్పుడు అర్జీలన్నీ ఫోనులోనేనట. మా మనవరాలు చూపించింది, దణ్ణాలు పెడదామన్నా చోటులేని చిన్న గడి. "అమ్మమ్మా, టూ మినిట్స్ ఓన్లీ లా" అంది. అప్పుడే ఈ గడి ఉండుంటే నేను ముందుగా ఆవిడ కళ్ల గురించే రాసేదాన్ని, పోపో ఇక్కడే ఉండేది. అయినా ఆ ప్లాస్టిక్ కుర్చీలూ, ఆ బుధవారాలూ మళ్లీ కావాలని కూడా అనిపిస్తుంది, ఏం చేయను. పొద్దున కాఫీ పట్టుకుని కిందికి దిగుతాను. రాతిబల్ల అక్కడే ఉంది. ఎదుటి సీటు మీద టిష్యూ పొట్లం పెట్టి కూర్చుంటాను, ఎవరైనా వచ్చి అడిగితే మనిషి వస్తుందని చెబుతాను.