చంద్రుడికి గాలెందుకు లేదు

నక్షత్రశాలలో ఇరవై ఏళ్లుగా టిక్కెట్లు చింపే ఆవిడకు అక్కడి ప్రసంగమంతా కంఠతా వచ్చు. ఆ రోజు వివరించే మాస్టారికి గొంతు పూడుకుపోవడంతో బడిపిల్లల ముందు ఆవిడే నిలబడింది. బుధగ్రహానికి గాలెందుకు లేదని ఒక పిల్ల అడిగితే, "సూర్యుడు దగ్గర కదమ్మా, ఆ వేడికి ఎగిరిపోయింది," అని తడుముకోకుండా చెప్పేసింది.

"మరి చంద్రుడు మన పక్కనే ఉన్నాడుగా ఆంటీ! ఆయనకెందుకు లేదు?"

ఆవిడ గబుక్కున గడియారం చూసింది. "టైమైపోయింది, పదండి పదండి," అంటూ పిల్లలను బయటికి తోలేసింది.

ఇక చూడాలి, కాలు కాలిన పిల్లిలా తిరిగింది. మధ్యాహ్నం అన్నం కెలికి వదిలేసింది. ఎవరిదో టిక్కెట్టు చింపి రెండు ముక్కలూ తనే ఉంచేసుకుంది. చివరికి మాస్టారి దగ్గరికే వెళ్లి అడిగింది. ఆయన వేడినీళ్లు గుటకేస్తూ గుసగుసగా చెప్పాడు.

"వేడి ఒక్కటే కాదమ్మా. గాలిలో రేణువులు క్షణం ఊరుకోవు, ఎప్పుడూ పరుగే. భూమి పెద్దది కాబట్టి వాటిని లాగి పట్టుకుంటుంది. చిన్న గోళాలకు అంత పట్టు ఉండదు. జోరుగా పరిగెత్తేవి ఒక్కొక్కటే జారుకుంటాయి. వేడెక్కితే ఆ జోరు ఇంకా పెరుగుతుంది."

"అయ్యో, పిల్లకు సగమే చెప్పానే!"

మర్నాడు సెలవు పెట్టి, బడి వెతుక్కుంటూ వెళ్లి, ఆ పిల్లను పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పింది. తను పొరబడ్డానని కూడా ఒప్పుకుంది. పిల్ల శ్రద్ధగా విని, "జారుకున్న గాలి ఎక్కడికి పోతుంది ఆంటీ?" అంది.

"అది నాకు తెలీదమ్మా. కనుక్కుని చెప్తాను," అంది ఆవిడ, అప్పుడే సంచీ భుజానికి తగిలించుకుంటూ.