కండెన్సర్ కోసం ప్రార్థన

మొన్న అమీర్‌పేటలో మా ఇంట్లో, ఇంజనీరింగ్ చదివే మనవరాలు కంప్యూటర్ ముందు తల పట్టుకొని కూర్చుంది. విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్ కెపాసిటీ క్షణక్షణానికీ మారిపోతుంటే దాన్ని సిమ్యులేషన్‌లో ఎలా రాయాలో తెలియడం లేదట. ఆదివారం సంఘంలో ప్రార్థన చేయిస్తానంటే, “గిది సుత చర్చిల చెప్తవా తాతా? పరువు పోతది” అని నవ్వింది.

మా రోజుల్లో కెపాసిటర్‌ను కండెన్సర్ అనేవాళ్లం. నాన్న లేని ఇంటికి నా జీతమే ఆధారమైన ఆ కాలంలో, ఇక్కడి సందులోనే మైకులు తయారుచేసే చిన్న కంపెనీలో తాత్కాలికంగా చేరాను. మైకు లోపలి కండెన్సర్‌కున్న రెండు పలకల్లో ఒకటి గొంతుకు కదులుతుందనీ, దానితో కెపాసిటీ మారుతుందనీ, ఆ మార్పును కొత్త సాఫ్ట్‌వేర్‌లో చూపించాలనీ యజమాని చెప్పాడు. “తెర మీద వోల్టేజీ గీత లేస్తే పర్మనెంట్, లేకుంటే వేరే నౌకరి చూస్కో” అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవన్నీ మారని కెపాసిటర్లే. కాలంతో మారే విలువను నేనే రాసి, వోల్టేజీ మారే వేగంతో గుణించాను. ఎంత నడిపినా తెర మీద గీత బల్లపరుపుగా పడుకునే ఉండేది. తప్పు నాదో, కంప్యూటర్‌దో, అసలు మైకుదో తెలియక మతిపోయేది.

పంజాగుట్టలోని మా సంఘంలో ప్రార్థన అంశాలు చెప్పే వేళ అమ్మ లేచి, ఒకరి జ్వరానికీ ఇంకొకరి పెళ్లికీ మధ్య నా కండెన్సర్‌నూ చేర్చింది. సంఘపెద్ద దాన్ని ప్రభువు చేతులకు అప్పగించాడు. అది మొదలు అందరూ రోగిని పరామర్శించినట్టే అడిగేవారు. “నీ కండెన్సర్‌కు జర నయమైందా బిడ్డా?” అని ఒక పెద్దమ్మ చెయ్యి పట్టుకుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఒక ఉదయం ప్రార్థించి కూర్చొని, కెపాసిటీకి బదులు పలకల మీది ఛార్జీని, అంటే అక్కడ చేరిన విద్యుత్తును, రాశాను. కెపాసిటీ, వోల్టేజీల లబ్ధమే ఛార్జీ, అది మారే వేగమే కరెంటు. కెపాసిటీ తగ్గినా ఛార్జీ ఎక్కడికీ పోదు గనుక వోల్టేజీ లేవాలి. గీత లేచింది. అలా రాయాలని ఎందుకు తోచిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఆ ఆదివారం ప్రభువు మేలు చేశాడని అమ్మ సాక్ష్యం చెబితే, కండెన్సర్ అంటే ఏమిటో తెలియనివాళ్లంతా స్తోత్రం అన్నారు.

మనవరాలికీ ఛార్జీనే రాయమన్నాను, ఆమె తెర మీదా గీత లేచింది. ఇప్పుడు ప్రార్థన అంశాలూ సాక్ష్యాలూ సంఘపెద్దకు ఫోన్‌లోనే వెళ్తాయి, ఎవరి అవసరం ఏమిటో పక్కవారికి తెలియదు. అయినా నిన్నటి ఆరాధనలో స్తోత్రం చెప్పాలని పాత అలవాటుగా లేచాను. నేను బయటికి వెళ్తున్నాననుకొని పక్కన కూర్చున్నాయన కాళ్లు ముడుచుకొని దారి ఇచ్చాడు. కూర్చోవాలో, వెళ్లాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను.