పాసైపోయిన పిల్లలకు ఆబ్సెంట్ పడిన రోజు

శాలిబండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను కంప్యూటర్ టీచర్‌ని. పాఠాలతో పాటు ఆఫీసు కంప్యూటరూ నా నెత్తినే ఉంటుంది. ఒక మంగళవారం పొద్దున హాజరు సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వేశాను. తెరిచి చూస్తే బడి మొత్తంలో ఒక్క పేరూ లేదు.

ప్రిన్సిపల్ గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏమైంది మేడం? పిల్లలందరు యాడ వోయిన్రు?"

"ఎక్కడికీ పోలేదు సార్. ముందే బ్యాకప్ తీసి పెట్టాను. ఆ ఫైలు ఎక్కిస్తే వచ్చేస్తారు."

"అయితే జల్ది ఎక్కియ్యున్రి. ప్రేయర్ అయిపోతాంది."

ఫోల్డర్‌లో రెండు ఫైళ్ళు, పేర్లు దాదాపు ఒకటే. పైనున్నదే కొత్తదనుకుని నొక్కాను. పేర్లన్నీ బిలబిలా వచ్చేశాయి. హమ్మయ్య అనుకుని టీకి వెళ్ళాను.

టీ సగం తాగానో లేదో, ఐదో తరగతి టీచర్ వచ్చింది. "మా పిల్లలంతా నాలుగులో కనిపిస్తున్రేంది మేడం?"

పరుగెత్తి చూస్తే అది నిరుటి ఫైలు. పది పాసై వెళ్ళిపోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. వాళ్ళకు హాజరు ఎవరు వేస్తారు? సాఫ్ట్‌వేర్ తనంతట తానే వాళ్ళ ఇళ్ళకు మెసేజ్‌లు కొట్టేసింది: మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు.

ఫోన్లు మోగాయి. చాలామంది నవ్వేసి పెట్టేశారు. ఒకావిడ మాత్రం ఆటో దిగి నేరుగా ఆఫీసులోకి వచ్చింది.

"మా పోరడు పది పాసై ఇంటర్ల చేరిండు గద మేడం! బడికి రాలేదని మెసేజ్ ఏంది?"

పొరపాటైందని చేతులు జోడించాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది గాదు. మెసేజ్ జూసి డౌటొచ్చి కాలేజీకి ఫోన్ కొట్టిన. ఆడ గూడ రాలేదంట! పొద్దున బ్యాగేస్కొని పోయినోడు, బహదూర్‌పురాల జూపార్కుల దోస్తులతోని తిరుగుతున్నడంట, ఫోన్ కొడితె వాని దోస్తే జెప్పిండు."

ప్రిన్సిపల్ గారు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. నేను తేదీ రెండుసార్లు చూసుకుని రెండో ఫైలు ఎక్కించడం మొదలుపెట్టాను.

"వాని పేరు గట్లనే ఉంచరాదు మేడం? కాలేజోళ్ళు మెసేజ్ గిట్ల ఏం పంపరు."

"కుదరదమ్మా," అన్నాను, నిజంగానే జాలేసి.

ఐదో తరగతి మళ్ళీ ఐదుకి వచ్చింది. ఆవిడ జూపార్కు వైపు ఆటో మాట్లాడుకుంది.

"ఇంకోపారి గిసొంటి పన్లు ఎండకాలం సెలవులల్ల వెట్టుకోన్రి మేడం," అన్నారు ప్రిన్సిపల్ గారు. సరేనన్నాను.