దానియేలు మాస్టారి రెండో పేజీ

చనిపోయినవారి కుటుంబాన్ని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళందరినీ నవ్వించిన ఘనుడు చోడవరంలో ఒక్కడే ఉన్నాడు. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, అది నేనే.

మా స్కూల్లో నాతో పనిచేసిన దానియేలు మాస్టారు పోయారు. చర్చిలో చదవడానికి ఆయన గురించి రాయమని వాళ్ళావిడ రత్నమ్మగారు నన్నే అడిగారు.

"నాలుగు మంచి ముక్కలు రాయి బాబూ. ఆయన పోయిన కాడ్నించి నాకు కంట్లో సుక్క రాలేదు. నువ్వు సదువుతుంటే అయినా వస్తదేమో."

"ప్రభువునందు నిద్రించిన దానియేలు మాస్టారు" అని మొదలుపెట్టాను. ఆయనతోపాటు నా కలమూ నిద్రించింది. మూడు రోజులు అదే వాక్యం. రచయితనని చెప్పుకు తిరిగేవాడికి ఇంతకంటే పరువుతక్కువ ఏముంటుంది చెప్పండి? రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు గానీ, ఒకటి కదలనప్పుడు రెండోది ఎక్కడమే నా పద్ధతి. పత్రికకి ఒప్పుకున్న హాస్యకథ, ఓ మాస్టారి మీదది, తీశాను. అది పరుగెత్తింది. ఆ ఊపులో ఇదీ కదిలింది. అందులో ఒక పేరా, ఇందులో ఒక పేరా, రెండూ ఒకే ఫైల్లో, వేరే వేరే పేజీల్లో. తెలివి చూశారా?

కూడిక రోజు పొద్దున్న ఆ ఫైలు మొత్తం ప్రింటు తీయించడానికి జిరాక్సు షాపుకి వెళ్ళాను.

"పేజీ నంబర్లు ఎయ్యమంటారా సార్?"

"మూడు కాగితాలకి నంబర్లేటయ్యా" అన్నాను.

చర్చిలో మొదటి కాగితం గంభీరంగా చదివాను. "మాస్టారు ఏ పని చేసినా" దగ్గర అది అయిపోయింది. దాని కిందున్న కాగితం తీసి చదివాను. "బీరువా తలుపు చాటునే చేసేవారు. షుగరుందని ఇంట్లో కాఫీలో పంచదార మానిపించారు. ఆయన చాక్‌పీసుల డబ్బాలో మాడుగుల హల్వా దాచుకుని, తిన్నాక మూతి తుడుచుకుని క్లాసుకి వెళ్ళేవారు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో పేజీ అనుకుని నేను చదువుతున్నది పత్రిక కథ కాగితం. నా కథలో మాస్టారు ఎవరో అప్పటిదాకా నాకే తెలియలేదు.

రత్నమ్మగారు లేచి నిలబడ్డారు. "ఆ హల్వా ఎవులు తెచ్చీవోరు?"

"అది కథండీ..."

"ఎవులు బాబూ?"

"నేనేనండి. మాడుగుల వెళ్ళినప్పుడల్లా తెచ్చేవాణ్ణి. అడిగితే కాదనలేకపోయాను."

మూడు రోజులు నా చెయ్యి ఆడనివ్వనిది అదే. ఆయన చావుకి నేనే కారణమేమోనని భయం.

ఆవిడ నా వైపు రెండడుగులు వేశారు. "మరి నానూ పెట్టీదాన్ని కదా, వారానికో ముక్క. అంతేనా అని మొకం సిన్నబుచ్చుకుంటే జాలేసీది. బయట నువ్వూ పెడతన్నావని ఒక్క ముక్క సెప్పలేదు సూడు, మా మాస్టారు."

చర్చి మొత్తం నవ్వింది. ఆవిడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశారు. నేనూ కాగితాలు పక్కన పెట్టి ఏడ్చాను.

ఆ రోజే అందరి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట పేజీ నంబర్లు వెయ్యకుండా ఎవరినీ పరలోకానికి సాగనంపను.