ఏ బొగ్గో చెప్పలేదు

ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. బొగ్గును గ్యాసు చేయొచ్చు, ఆ గ్యాసు నుంచి పెట్రోలు, డీజిలు కూడా తీయొచ్చు అని బోర్డు మీద సమీకరణాలు రాస్తూనే వచ్చాను. ఒక్కరోజైనా ఆ గ్యాసు మండటం చూసిన పాపాన పోలేదు. అదేదో చూడాలని ఒకటే ఆరాటం.

అందుకే చాపాడులో ఒక వెల్డింగ్ భాయ్‌ని పట్టుకున్నాను. కువైట్‌లో పైపులు అతికించీ అతికించీ విసిగిపోయి వచ్చేసిన మనిషి. ఒక డీజిల్ ఇంజన్ కొని, కాలువ నీళ్లు తోడుకునే రైతులకు బాడుగకిస్తున్నాడు. అతని బతుకంతా ఆ ఇంజనే. పత్తి కట్టెతోనూ అలాంటి గ్యాసే వస్తుంది, దాన్ని ఇంజన్‌కు పెడితే డీజిల్ సగానికి సగం మిగులుతుందని నేనే ఊరించాను. పాత డ్రమ్ముతో పొయ్యి కట్టాడు. "పొగలో ఉండే జిగురు ఇంజన్లోకి పోకుండా అడుగున బొగ్గు పరుచు భాయ్" అని ఫోన్లో చెప్పాను.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. గొట్టం చివర అగ్గిపుల్ల పెడితే నీలం మంట! "ఓయబ్బా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. గొట్టాన్ని ఇంజన్‌కు కలిపాడు. డీజిల్ తగ్గించినా నడుస్తూనే ఉంది. కాసేపటికి దగ్గి దగ్గి ఆగిపోయింది.

విప్పి చూస్తే వాల్వు నిండా నల్లటి జిగురు. పొయ్యి పక్కనున్న బొగ్గు సంచిలోకి తొంగిచూశాను. గనుల్లో తవ్వే రాక్షసి బొగ్గు!

"ఇదేంది భాయ్? కట్టె బొగ్గు గదా ఏయాల్సింది!"

"నువ్వు బొగ్గు అన్యావు. ముద్దనూరు పక్క కరెంటు తీసేది దీంతోనే గదా, శానా గట్టిదని తెచ్చినా."

నిజమే, రెండింటినీ మనం బొగ్గనే అంటాం. కట్టె బొగ్గయితే జిగురును విరగ్గొట్టేది. ఇది తన జిగురు కూడా కలిపి పంపింది. అంతా తెలిసినదాన్ని నేను, ఏ బొగ్గో చెప్పలేదు.

"ఇంజన్ పోతే నేను మళ్లా కువైట్ పోవల్ల. నీకేం పోతాది మేడమ్?"

నా మీద నాకే ఒళ్లు మండింది. చెంగు దోపుకొని, డీజిల్లో ముంచిన గుడ్డ అందుకున్నాను. మధ్యాహ్నం దాకా ఇద్దరం గీకుతూ కూర్చున్నాం. చివరికి వాల్వు కదిలింది. ఉత్త డీజిల్‌తో హ్యాండిల్ తిప్పాడు. మొదట పలకలేదు. మళ్లీ తిప్పితే అందుకుంది.

అతను నా వైపు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

"వచ్చే ఆదివారం కట్టె బొగ్గేస్తా. ఫోన్లో చెప్పాకు. వచ్చి పక్కన నిలబడు."