మా హోముకు రైట్స్ వచ్చిన రోజు

తొంభైల మొదట్లో నేను బాపట్లలో ఒక హోముకు వార్డెన్‌గా పనిచేశాను. ఒంటికి వయసొచ్చినా తెలివి చిన్నతనంలోనే ఆగిపోయిన ఆడవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. చర్చి పెద్దలు కొందరు ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని దాన్ని నడిపేవారు. నడిపేవారంటే, ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, కాఫీ తాగి, సలహాలిచ్చి వెళ్ళేవారని అర్థం. వంట, స్నానాలు, జడలు, అలకలు అన్నీ నా నెత్తినే. నాకు అసలే కోపం ఎక్కువ. అక్కడ చేరాక దానికి చేతినిండా పని దొరికింది.

వాళ్ళలో ఒకావిడది చెరుకుపల్లి. నలభై దాటి ఉంటాయి. అమ్మానాన్నలు పోయాక అన్న ఇంట్లో ఉండేది. ఆ ఇల్లు సరిగ్గా బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉండేదట. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని బస్సుల్ని చూసేది. అందుకే ఆవిడకొచ్చిన మాటల్లో సగం కండక్టరు మాటలే. అన్నం చాలంటే "హోల్డాన్". స్నానాల గది ముందు తోసుకుంటే "దిగేవాళ్ళని దిగనివ్వండమ్మా". అందరం ఆవిణ్ణి కండక్టరమ్మ అనేవాళ్ళం. ఆ పేరంటే ఆవిడకి మహా గర్వం.

ఆ వేసవిలో ఆవిడ అన్న కబురు పెట్టాడు. భార్యకు నడుంనొప్పట. గేదెల దగ్గర పేడ తీసే మనిషి లేదట. చెల్లెల్ని తీసుకెళ్ళిపోతాడట. మా సెక్రటరీగారు వెంటనే సరేనన్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. "రక్తసంబంధం అమ్మా, కాదనడానికి మనమెవరం?" అన్నారు.

"వెళ్తావా అని ఆవిణ్ణి ఎవరైనా అడిగారాండీ?" అన్నాను.

"ఆవిణ్ణి అడగడమేంటమ్మా? నువ్వెళ్ళి పప్పు మాడకుండా చూసుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. కండక్టరమ్మ మాత్రం ఆ కబురు విన్న దగ్గర్నుంచి రెండు ముద్దలు తినగానే హోల్డాన్ అనడం మొదలుపెట్టింది. పేడ తీయడం ఆవిడకి కొత్తేమీ కాదు. అన్న ఇంట్లో ఆ పని చెప్పడం తప్ప మరో పలకరింపు లేదు, అదీ ఆవిడ భయం.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి తనిఖీకి ఒక మేడం వస్తున్నారని తెలిసింది. రెండు విషయాలు చూస్తారట. నిప్పంటుకుంటే అందరూ క్షేమంగా బయటపడగలరా? ఇక్కడ ఉండేవాళ్ళకు వాళ్ళ హక్కులు తెలుసా? హక్కులు అనగానే సెక్రటరీగారికి ఎర్రజెండాలు కనిపించాయి కాబోలు, "హక్కులూ గిక్కులూ అనకమ్మా, రైట్స్ అను. గౌరవంగా ఉంటుంది" అన్నారు.

ముందు నిప్పు సంగతి. గంట వినబడితే వాకిట్లోకి పరుగెత్తాలని చెప్పి, గంట కొట్టాను. అందరూ కంచాలు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తారు. మా హోములో గంటంటే భోజనం మరి! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మావాళ్ళు పప్పడుగుతారు. ఈల వేస్తే మంచాల కింద దూరారు. "మంటలు, మంటలు" అని అరిస్తే "ఎక్కడండీ, ఎక్కడండీ" అని చూడ్డానికొచ్చారు. నా తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి విసుగెత్తి, "కండక్టరమ్మా, వీళ్ళని నువ్వే బయటికి తోలవే తల్లీ" అన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్!" అంది. అంతే, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నోటితో ఇంజను మోత మోగిస్తూ, అందరూ చక్కగా వేపచెట్టు దాకా నడిచారు. "హోల్డాన్" అనగానే ఆగారు. ఒకావిడ మాత్రం తనకు కిటికీ పక్క సీటు ఇవ్వలేదని ఏడ్చింది.

తనిఖీ రోజు కండక్టరమ్మ అన్న కూడా వచ్చాడు. మేడం ఎదుట అప్పగిస్తే ఘనంగా ఉంటుందని సెక్రటరీగారే రమ్మన్నారు. అతను చేతిసంచీ పక్కన పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. నిప్పు పరీక్షలో మా బస్సు దివ్యంగా నడిచింది. మేడం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. తర్వాత అందర్నీ వరండాలో కూర్చోబెట్టి, సెక్రటరీగారు ఆవిడక్కూడా ముందే నేర్పి ఉంచినట్టే, "అమ్మా, మీ అందరికీ రైట్స్ ఉన్నాయి" అన్నారు.

రైట్ అన్న మాట చెవిన పడగానే అందరూ లేచి భుజాలు పట్టుకున్నారు. వాళ్ళకు అర్థం కాలేదేమోనని సెక్రటరీగారు ఇంకా గట్టిగా, "అవునమ్మా, రైట్స్! రైట్స్!" అని అరిచారు. బస్సు వరండా దిగింది, గేటు దాటింది, రోడ్డెక్కింది. రిక్షావాళ్ళు పక్కకు తప్పుకున్నారు. సెక్రటరీగారు పంచె ఎగ్గట్టి పరుగు. నేను వెనకాల "హోల్డాన్, హోల్డాన్" అని గొంతు చించుకున్నాను. ఒక్కరు ఆగితే ఒట్టు. నేను వార్డెన్ని గానీ కండక్టర్ని కాదుగా! చివరికి సోడా బండి దగ్గర దాహమేసి వాళ్ళే ఆగారు. అందరికీ తలా ఒక గోలీసోడా తాగించి వెనక్కి తోలుకొచ్చాం.

వచ్చేసరికి కండక్టరమ్మ మాత్రం బస్సెక్కకుండా వరండాలోనే ఉంది. రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకుని, "హోల్డాన్, హోల్డాన్" అని గొణుగుతోంది. రైట్స్ ఇస్తున్నారంటే తనను పంపించేస్తున్నారనుకుంది. మేడం పక్కనే నిలబడి ఉన్నారు. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఏంటమ్మా సంగతి?" అని నన్నడిగారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. సెక్రటరీగారు నా వైపు ఉరిమి చూశారు. చూస్తే చూశారని ఊరుకున్నాను.

మేడం రైట్స్ మాట ఎత్తలేదు. "అక్కా, నీకెక్కడ ఉండాలనుంది?" అని అడిగారు.

"దానికేం తెలుసండి, మేడంగారండి" అన్నాడు అన్న.

"నేను మిమ్మల్ని అడగలేదండి."

కండక్టరమ్మ నోట సరైన మాట రాకపోతే, అన్న తన సంచీతోపాటు ఆవిణ్ణీ తీసుకుపోతాడు. ఆవిడ మెల్లగా స్తంభం వదిలింది. అన్న చేతిసంచీ తీసి అతని చేతిలో పెట్టింది. కోపంగా కాదు, ప్రేమగానే.

"నువ్వెళ్ళు అన్నయ్యా" అంది. "నా స్టేజీ వచ్చేసింది. నేనిక్కడ దిగిపోయాను."