పైకి అనలేని మాట

చొక్కాలు కుట్టే కార్ఖానాలో ఆమెను అందరూ బొత్తాలక్క అనేవారు. ఏళ్ల తరబడి బొత్తాలు కుట్టే మిషను ఆమెదే. చదువు రాదు. స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలిన నాటి నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరగసాగింది.

ఎవరినైనా అడగాలంటే నోరు రాలేదు. ఫోనుకు అన్నీ తెలుసంటారు. చదువుకున్నవాళ్లయితే చడీచప్పుడు లేకుండా టైపు చేసి అడుగుతారు. ఆమె పైకి అనాలి. అనడానికి చోటేది? ఇంట్లో ఒక గదిలో మామగారు, ఇంకో గదిలో తోడికోడలు, పిల్లలు. కార్ఖానా మెట్ల మీద నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగింది. ఫోను గడ్డను గడ్డమనుకుంది. మగవాళ్ల గడ్డాలు కత్తిరించే వీడియోలు వరసకట్టాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకోరోజు బాత్రూంలో కొళాయి తిప్పి, ఈసారి విడమరిచి అడిగింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన తెర మీదికొచ్చాడు. కత్తి తగిలితే గడ్డ ఒళ్లంతా పాకుతుందట, తన చూర్ణం తాగితే కరిగిపోతుందట. నమ్మింది. తెప్పించుకుని నెలల తరబడి చాటుగా తాగింది. గడ్డ కరగలేదు. మిషను ముందు కూర్చున్నా ధ్యాస అక్కడే. బొత్తాలు వంకరపోయేవి, సూపర్‌వైజరు చొక్కాలు తిప్పి పంపేవాడు.

ఒక సాయంత్రం మళ్లీ అడుగుతుంటే ఫోను గొంతు తలుపు దాటింది. బయట తోడికోడలు ఉంది.

"అక్కా, తలుపు తియ్యి. గడ్డ ఎవరికి?"

"ఎవరికీ కాదులే."

"ఎవరికీ కానిదానికి ఆ పొడెందుకు మింగుతున్నావ్? నాకు కళ్లు లేవనుకున్నావా? తియ్యి ముందు!"

తలుపు తీస్తూనే బొత్తాలక్క బావురుమంది.

తోడికోడలికీ అక్షరమ్ముక్క రాదు గానీ నోరుంది. మర్నాడు ఆస్పత్రిలో నర్సును పట్టుకుంది. "మాకు చదువు రాదమ్మా. కాగితాలు వద్దు, నోటితో చెప్పండి." నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది. గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంది. తీస్తే పాకుతుందన్నది ఒట్టి మాటంది. తోడికోడలు తనకు అర్థమైంది తిరిగి అప్పజెప్పి, "అంతేనా?" అని సరిచూసుకుంది.

అది క్యాన్సరే. చూర్ణం తాగిన నెలల్లో కాస్త పెరిగింది కూడా. ఆపరేషనైంది, మందులెక్కించారు, జుట్టు ఊడి మళ్లీ మొలిచింది. ప్రస్తుతానికి జబ్బు ఆనవాలు లేదన్నారు డాక్టరుగారు.

ఆ 'ప్రస్తుతానికి' అన్న మాట ఆమెను కుదురుగా ఉండనివ్వదు. పరీక్షకు వెళ్లే ముందురోజు కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది, మడిచిన బట్టలే మళ్లీ మడుస్తుంది.

"కాసేపు కూర్చో అక్కా," అంటుంది తోడికోడలు, "నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."